ఊదని ఈల

మొదటి నిబంధనలో బంతి లేదు, మనిషి లేడు. ఒట్టి నేల ఉంది. అంతర్జాతీయ మ్యాచ్‌కైతే 100 నుంచి 110 మీటర్ల పొడవు, 64 నుంచి 75 మీటర్ల వెడల్పు, ఆ నేల మీద తెల్ల గీతలు, నాలుగు మూలలా నాలుగు జెండాలు. రెండో నిబంధనలో బంతి వస్తుంది: 68 నుంచి 70 సెంటీమీటర్ల చుట్టుకొలత, 410 నుంచి 450 గ్రాముల బరువు. మూడో దాంట్లో ఆటగాళ్లు. నాలుగులో వాళ్ల ఒంటి మీద ఉండాల్సినవీ ఉండకూడనివీ. ఐదులో రెఫరీ, ఆరులో ఆయన సహాయకులు. ఏడులో కాలం. ఎనిమిదో నిబంధన దాకా బంతిని ఎవరూ తన్నరు. ఈ వరస చూస్తే ఫుట్‌బాల్ నిబంధనావళిని ఎవరో నాటకకర్త కూర్చాడేమో అనిపిస్తుంది. రంగస్థలం, సామగ్రి, పాత్రలు, ఆహార్యం, సూత్రధారుడు, వ్యవధి అన్నీ కుదిరాకే తెర లేస్తుంది. మైదానం నడిమధ్య మొదలైన ఆట పదిహేడో నిబంధనకు వచ్చేసరికి జెండా పాతిన మూలకు, కార్నర్ కిక్కుకు చేరుతుంది. అక్కడితో నిబంధనలు అయిపోతాయి. మంగళం పాడడం లేదు, ముక్తాయింపు లేదు.

తగవు వచ్చినప్పుడు తప్ప ఈ పుస్తకాన్ని ఎవరూ తెరవరు. తెరిచినా కావలసిన పేజీ చూసుకుని మూసేస్తారు. నేను మాత్రం దీన్ని చదువుకునే సుఖం కోసమే చదువుతాను. ఎక్కడ ఏది ఎంత ఉండాలో అక్కడ అది అంతే ఉండడాన్ని మన ఆలంకారికులు ఔచిత్యం అన్నారు. క్షేమేంద్రుడు దాన్నే కావ్యానికి ప్రాణమన్నాడు. అలంకారాలు లేని, పాత్రలకు పేర్లు లేని ఈ శుష్క వచనంలో ఆ ప్రాణం కొట్టుకుంటూ ఉంటుంది. చెప్పినదానికంటే చెప్పక వదిలినదాన్నే ఎక్కువ నమ్ముకున్న రచన ఇది.

ఒక ఉదాహరణ. గీత ఎవరిది? రెండు పొలాల మధ్య గట్టు ఎవరిదన్న తగవు మన ఊళ్లలో తరాల తరబడి నడుస్తుంది. ఫుట్‌బాల్ మొదటి నిబంధన ఆ ప్రశ్నను ఒక్క వాక్యంలో తేల్చేసింది: గీత తాను చుట్టిన స్థలానిదే. అంటే పెనాల్టీ ఏరియా గీత మీద జరిగిన ఫౌల్ లోపల జరిగినట్టే. మైదానం పక్క గీత మీద ఉన్న బంతి మైదానంలో ఉన్నట్టే. తొమ్మిదో నిబంధన దీనికి ఇంకొక్క మెలిక పెట్టింది. బంతి మొత్తం గీత మొత్తాన్ని దాటితేనే బయటికి పోయినట్టు. ‘మొత్తం’ రెండుసార్లు. ఈ రెండు మొత్తాల మధ్య ఎంత చోటు ఉందో 2022 డిసెంబర్ 1 రాత్రి దోహాలో ప్రపంచమంతా చూసింది. ప్రపంచ కప్పు మ్యాచ్‌లో జపాన్, స్పెయిన్ 1–1తో ఉన్నాయి. బంతి గోల్‌లైన్ దాటి పోతుంటే మితోమా ఎడమకాలు చాచి వెనక్కి లాగాడు, తనాకా దాన్ని గోల్‌లోకి తోశాడు. టీవీలో పక్క నుంచి చూస్తే బంతికీ గీతకూ మధ్య పచ్చిక స్పష్టంగా కనిపిస్తోంది. బయటికి పోయిందని ప్రమాణం చేయొచ్చు. కానీ బంతి గుండ్రన. అది నేలను తాకే చోటు వేరు, దాని పొట్ట ఉబ్బిన చోటు వేరు. పై నుంచి తీసిన ఫొటోలో ఆ పొట్ట అంచు గీత మీదుగా ఇంకా వేలాడుతూ ఉంది, రెండు మిల్లీమీటర్ల లోపే. నిబంధన బంతి అంది గాని బంతి అడుగు అనలేదు. గోల్ నిలిచింది, జపాన్ గెలిచింది, అదే సమయంలో మరో మైదానంలో కోస్టారికాను ఓడించిన జర్మనీ ఇంటిదారి పట్టింది. నాలుగుసార్లు ప్రపంచ కప్పు ఎత్తిన దేశాన్ని విమానం ఎక్కించింది ఒక విశేషణం. పదం మీద ఇంత బరువు మోపిన రచన ఈమధ్య మన సాహిత్యంలో నాకు కనిపించలేదు.

ఈ పుస్తకంలో అంకెలు కూడా వింతగా ఉంటాయి. గోల్ వెడల్పు 7.32 మీటర్లట. ఎత్తు 2.44. ఫ్రీ కిక్ కొట్టేటప్పుడు ఎదుటివాళ్లు ఉండాల్సిన దూరం 9.15. కావాలని ఎవరూ ఎంచుకోని అంకెలు ఇవి. మీటర్ల దుస్తులు వేసుకున్న గజాలు. ఎనిమిది గజాల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు, పది గజాల దూరం. ఆ ఎనిమిది గజాలు 1863 నాటివి. ఆ ఏడాది అక్టోబర్ 26న లండన్ గ్రేట్ క్వీన్ స్ట్రీట్‌లోని ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో కొన్ని క్లబ్బులవాళ్లు కూర్చున్నారు. ఎబెనెజర్ కాబ్ మోర్లీ అనే న్యాయవాది చిత్తుప్రతి రాశాడు. డిసెంబర్‌లో 13 నిబంధనలు ఖాయమయ్యాయి. వాటిలో జట్టుకు ఎంతమందో లేదు, ఎంతసేపు ఆడాలో లేదు, రెఫరీ ఊసే లేదు. గోల్ అంటే రెండు కర్రలు, పైన అడ్డకర్ర లేదు, వాటి మధ్య నుంచి బంతి ఎంత ఎత్తున పోయినా గోలే. ఆకాశమంత ఎత్తు గోలు! కానీ బూట్ల అడుగున మేకులు, ఇనప రేకులు ఉండకూడదని మాత్రం పదమూడో నిబంధనగా గట్టిగా రాసుకున్నారు. ఏది తప్పనిసరి, ఏది అక్కర్లేదు అన్న ఆ మొదటి తూకంలోనే ఈ రచన స్వభావం ఉంది. కొలతలు తర్వాత కుదురుతాయి, పిక్కలు చీలితే అతుక్కోవు.

అసలు పేచీ వచ్చింది కూడా కాళ్ల దగ్గరే. ఎదుటివాడి మోకాలి కింద తన్నడం మగతనమనీ, అది తీసేస్తే ఆట చప్పబడిపోతుందనీ బ్లాక్‌హీత్ క్లబ్ తరఫున క్యాంప్‌బెల్ వాదించాడు. అలా అయితే వారం రోజులు సాధన చేసిన ఫ్రెంచివాళ్లు వచ్చి మిమ్మల్ని ఓడించగలరని ఎద్దేవా చేశాడు. ఓడిపోయి క్లబ్బుతో సహా వెళ్లిపోయాడు. 1871లో రగ్బీ సంఘం పెట్టినవాళ్లలో బ్లాక్‌హీత్ ఒకటి. ఫ్రెంచివాళ్ల విషయంలో ఆయన వెటకారం జోస్యమైంది, రెండుసార్లు ప్రపంచ కప్పు తీసుకెళ్లారు.

ఇప్పుడు ఈ పుస్తకం ఎవరి చేతిలో ఉందో చూడాలి, ఎందుకంటే దాని నిరాడంబరతకు కారణం అక్కడే దొరుకుతుంది. 1872లో గ్లాస్గోలో ఇంగ్లండ్, స్కాట్లండ్ తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడి 0–0తో ముగించాక పదేళ్లపాటు ఒక చిక్కు నడిచింది. ఎవరి గడ్డ మీద ఆడితే వాళ్ల నిబంధనలే చెల్లేవి. త్రో-ఇన్ ఒంటిచేత్తోనా రెండు చేతులతోనా అన్నదాని మీద కూడా సయోధ్య లేదు. 1882లో మాంచెస్టర్‌లో కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. 1886 జూన్ 2న ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ సంఘాలు కలిసి అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంఘ మండలిగా ఏర్పడ్డాయి. పొడి అక్షరాల్లో ఇఫాబ్ అంటారు. ఫిఫా అప్పటికి పుట్టనే లేదు. అది 1904లో పారిస్‌లో ఏడు దేశాలతో పుట్టి, 1913లో ఈ మండలిలోకి అడుగుపెట్టింది.

1958 నుంచి ఓట్ల లెక్క ఇది: బ్రిటన్ సంఘాలు నాలుగింటికీ తలా ఒకటి, ఫిఫాకు నాలుగు. ఏ నిబంధన మారాలన్నా ఎనిమిదిలో ఆరు పడాలి. 211 సభ్య సంఘాల ఫిఫా ఒక్కటే అనుకుంటే కామా కూడా మారదు. బ్రిటన్ నలుగురూ ఒక్కటైనా మారదు. ఐర్లండ్ రెండుగా చీలాక కూడా ఆ ఓటు బెల్‌ఫాస్ట్‌లోని పాత సంఘం దగ్గరే ఉండిపోయింది, డబ్లిన్‌కు రాలేదు. ఇంకా వింత, 1928 నుంచి 1946 దాకా బ్రిటన్ సంఘాలు ఫిఫాతో అలిగి బయట ఉన్నాయి, తొలి మూడు ప్రపంచ కప్పుల్లో ఆడలేదు. ఆ కప్పులు ఆడిన నిబంధనలను ఖరారు చేసే బల్ల ముందు నుంచి మాత్రం కదల్లేదు. పెళ్లికి రారు, ముహూర్తం వాళ్లే పెడతారు.

ఇది న్యాయమా? కాదు. బ్రెజిల్‌కు లేని ఓటు వేల్స్‌కు ఉండడాన్ని ఏ తర్కంతోనూ సమర్థించలేం. కానీ రచనాపరంగా చూస్తే ఈ అన్యాయం ఒక మంచి సంపాదకుడి పని చేసింది. ఏటా ఫిబ్రవరి చివరో మార్చి మొదలో ఒక్కసారి కూర్చోవడం, ఆరు ఓట్లు కుదరక వెనక్కి పోవడం, ఏళ్ల తరబడి ఎక్కడో చిన్న టోర్నీల్లో ప్రయోగించి చూడడం. తొందర అనేదానికి అక్కడ కుర్చీ లేదు. అదే ఫిఫా ఇంట్లో 2015 మే నెలలో జ్యూరిక్ హోటల్ గదుల్లోంచి అధికారులను పోలీసులు తీసుకుపోయారు. 2022 ఆగస్టులో బయటివాళ్ల జోక్యం పేరుతో మన దేశపు సమాఖ్యను సస్పెండ్ చేసి, రెండు వారాలు తిరక్కుండానే ఎత్తేశారు. పాలన అంటే ఆ గొడవలన్నీ ఉంటాయి. పదిహేడు నిబంధనల పుస్తకం మీద ఆ మరకలు పెద్దగా పడలేదంటే దాని తాళంచెవి ఒకరి జేబులోనే లేకపోవడం వల్లనే అనుకుంటాను.

సంపాదకుడన్నాను కదా, నిజంగా ఇద్దరు సంపాదకులున్నారు. ఇద్దరూ రెఫరీలే, ఇద్దరూ బడిపంతుళ్లుగా పనిచేసినవాళ్లే. 1938లో స్టాన్లీ రౌస్ అప్పటిదాకా పేరుకున్న అతుకులన్నీ విప్పి పదిహేడుగా సర్దాడు. 2016లో డేవిడ్ ఎలరీ వేల మాటలు కోసేశాడు. ఆయన కోతల్లో నాకు ఇష్టమైనది కిక్-ఆఫ్. అంతవరకూ బంతి ముందుకే కదలాలి గనుక మధ్య చుక్క దగ్గర ఇద్దరు నిలబడేవాళ్లు. ఒకడు బంతిని అంగుళం ముందుకు నెడితే ఇంకొకడు వెనక్కి పంపేవాడు. అర్థం లేని తతంగం. ఎటైనా తన్నొచ్చని ఎలరీ రాసేసరికి ఆ రెండోవాడు అదృశ్యమయ్యాడు. ఇప్పుడు వృత్తం మధ్య ఒక్కడే ఉంటాడు. ఒక షరతు కొట్టేస్తే ఒక దృశ్యం శుభ్రపడింది.

పదకొండో నిబంధన ఆఫ్‌సైడ్. నిబంధనావళికి ఇది పతాక ఘట్టం. ఆఫ్‌సైడ్ స్థానంలో ఉండడం తప్పే కాదని ఇది మొదటే చెప్పేస్తుంది. తెలియనివాళ్లు దీన్ని చదివి విస్తుపోతారు. ఉండడం తప్పు కాదు, ఉండి ఆటలో వేలు పెడితే తప్పు. మైదానంలో ప్రతి గీతకూ సున్నం ఉంది, ఈ ఒక్క గీతకే లేదు. దాన్ని గీసేది ప్రత్యర్థుల దేహాలు. గోల్‌లైన్ వైపు నుంచి లెక్కపెడితే రెండో ప్రత్యర్థి ఎక్కడ నిలబడితే గీత అక్కడ. వాడు రెండడుగులు ముందుకొస్తే గీతా వస్తుంది. ఫార్వర్డ్ చూపు బంతి మీద, మనసు ఆ కనిపించని గీత మీద, కాళ్లు రెండింటికీ మధ్య. బంతి తన్నిన క్షణంలో గీతకు ఇవతల ఉండి, బంతి చేరే క్షణానికి అవతల ఉండాలి. మొత్తం ఆటలోని ఉత్కంఠ అంతా ఆ రెండు క్షణాల ఎడంలో పుడుతుంది.

1863లో బంతికి ముందున్న ప్రతివాడూ ఆటలో లేనట్టే లెక్క. 1866లో ముందు ముగ్గురు ప్రత్యర్థులుంటే చాలన్నారు. అది దాదాపు అరవై ఏళ్లు నిలబడింది, ఈలోపు న్యూకాజిల్ డిఫెండర్ బిల్ మెక్‌క్రాకెన్ లాంటి గడుసువాళ్లు ఒక్క అడుగు ముందుకేసి మొత్తం దాడిని పట్టేయడం ఒక విద్యగా చేసుకున్నారు. ఆట గిడసబారింది. 1925లో స్కాట్లండ్ సంఘం ప్రతిపాదన మీద ముగ్గురిని ఇద్దరు చేశారు. మార్చింది ఒకే ఒక్క అంకె. ఇంగ్లండ్ ఫస్ట్ డివిజన్‌లో అంతకు ముందు సీజన్‌లో 1,192 గోల్స్, తర్వాతి సీజన్‌లో 1,703. ఆ వరదకు అడ్డుకట్టగా ఆర్సెనల్‌లో హెర్బర్ట్ చాప్‌మన్ ఒక మధ్య ఆటగాణ్ణి వెనక్కి లాగి కొత్త వ్యూహం అల్లాడు. మూడు పోయి రెండు వచ్చినందుకు ఒక తరం ఆటగాళ్ల స్థానాలే మారిపోయాయి. 1990లో ఇంకొంచెం సడలించి డిఫెండర్‌తో సమానంగా ఉన్నా ఫర్వాలేదన్నారు. అనుమానం దాడి చేసేవాడి పక్షాన ఉండాలన్న దయ అందులో ఉంది.

ఆ దయను ఇప్పుడు యంత్రం వెనక్కి తీసుకుందనేది నా ఫిర్యాదు. ఖతార్‌లో స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు పెట్టి, ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 బిందువులను సెకనుకు 50 సార్లు లెక్కించారు. తప్పు పట్టలేని లెక్క. కానీ సమానం అనే మాటకు మనిషి కంటికి ఉండే వెడల్పు యంత్రం కంటికి ఉండదు. బొటనవేలు బయట ఉందని గోల్ కొట్టేస్తే నిబంధన గెలుస్తుంది, దాని ఉద్దేశం ఓడుతుంది.

పద్నాలుగో నిబంధనకు తండ్రి ఒక గోల్‌కీపర్. నార నేసే మిల్లు యజమాని కొడుకు విలియం మెక్‌క్రమ్, ఆర్మా కౌంటీలోని మిల్‌ఫర్డ్ అనే చిన్న ఊరివాడు. ఆయన జట్టు 1890–91 ఐరిష్ లీగ్‌లో ఆడిన 14 మ్యాచ్‌లూ ఓడి అట్టడుగున నిలిచింది. గోల్ ఖాయమనగా ఎదుటివాడి కాళ్లకు అడ్డంపడి ఆపేయడం అప్పటి రివాజు, దానికి పడేది ఒట్టి ఫ్రీ కిక్. గోల్ ముందు జట్టంతా గోడ కట్టేది. మెక్‌క్రమ్ ఒక పరిహారం ఆలోచించాడు: కొట్టేవాడొకడు, ఆపేవాడొకడు, మధ్యలో ఎవరూ వద్దు. ఎంతోమంది నవ్వారు. పెద్దమనుషులు ఆడే ఆటలో కావాలని మోసం చేస్తారని ఊహించడమే అవమానమని సి. బి. ఫ్రై లాంటివాళ్లు మండిపడ్డారు. అంతలో 1891 ఫిబ్రవరిలో ఎఫ్‌ఏ కప్‌లో నాట్స్ కౌంటీ డిఫెండర్ గోల్‌లైన్ మీద బంతిని చేత్తో గుద్దేశాడు. ఎదుటి జట్టు స్టోక్‌కు ఫ్రీ కిక్ దక్కింది, గోల్ దక్కలేదు, ఒక్క గోల్ తేడాతో ఓడింది. ఆ ఏడు జూన్ 2న గ్లాస్గోలో పెనాల్టీ నిబంధనైపోయింది. తనలాంటి గోల్‌కీపర్లందరినీ ఉరికంబం ఎక్కించే నిబంధనను ఒక గోల్‌కీపరే కోరి తెచ్చాడు. కరుణరసానికి ఇంతకంటే ఏం కావాలి?

మొదట్లో పెనాల్టీకి చుక్క లేదు. 12 గజాల దూరంలో అడ్డంగా గీసిన గీత మీద ఎక్కడి నుంచైనా కొట్టొచ్చు. 1902లో చుక్క వచ్చింది, దాని చుట్టూ పెనాల్టీ ఏరియా వచ్చింది. 1937లో ఆ ఏరియా నెత్తిన చిన్న చాపం వచ్చింది. అది మైదానంలో అన్నిటికంటే అమాయకంగా కనిపించే గీత. ఏ ఫౌల్‌కూ దానితో సంబంధం లేదు. పెనాల్టీ కొట్టేవేళ తక్కినవాళ్లు బంతికి పది గజాల దూరం ఉండాలి గదా, ఏరియా గీత ఆ దూరానికి చాలదు, ఆ కొరతను పూడ్చడానికే ఆ చాపం. తొంభై నిమిషాలూ పనీపాటా లేకుండా పడుండి, ఒక్క పెనాల్టీ వేళ మాత్రం మనుషులను వెనక్కి నిలబెడుతుంది. మిగతా గీతలంటే నాకు గౌరవం, ఇదంటే ఇష్టం.

ఆ చుక్క మన కళ్లను కూడా తడిపింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఇల్‌ఫర్డ్ మైదానంలో స్వతంత్ర భారత జట్టు ఫ్రాన్స్‌తో తలపడింది. ఎక్కువమందివి వట్టికాళ్లు. సారంగపాణి రామన్ గోల్ కొట్టాడు, రెండు పెనాల్టీలు చేజారాయి, 2–1తో ఓడారు. బూట్లు తొడిగిన తర్వాతి జట్టును 1956లో మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానానికి, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణానికి చేర్చింది హైదరాబాద్ కోచ్ రహీం సాబ్. ఇవాళ నాలుగో నిబంధన పాదరక్షలను తప్పనిసరి చేసింది. అదే నాలుగో నిబంధనను చూపించి 2011లో అమ్మాన్‌లో తలగుడ్డలు కట్టుకున్న ఇరాన్ అమ్మాయిలను ఆడనివ్వలేదు. 2014లో తలగుడ్డా, సిక్కుల తలపాగా రెండూ ఒప్పుకున్నారు. మండలి నిదానం ఎప్పుడూ అందంగానే ఉంటుందని చెప్పలేను.

రచన చెడిన చోటు ఒకటి చూపించాలి. పన్నెండో నిబంధనలో చేతితాకుడు గురించిన భాగం. ఒకప్పుడు అక్కడ ఉన్నది కావాలనా కాదా అన్న ఒక్క ప్రశ్న, జవాబు రెఫరీ మనసుకు వదిలారు. టీవీ రీప్లేలు ఆ జవాబును బోనెక్కించాయి. 2019 నుంచి వరసగా చేర్పులు, మినహాయింపులు, మినహాయింపులకు సవరణలు. శరీరం అసహజంగా పెద్దదైందా అని ఒక కొలబద్ద. చెయ్యి ఎక్కడ మొదలవుతుందో తేల్చడానికి 2020లో చంక అడుగుభాగాన్ని సరిహద్దుగా ప్రకటించారు, దానికో బొమ్మ కూడా వేశారు. మొదటి నిబంధనలో మైదానం గీతను అంత హుందాగా గీసినవాళ్లు ఇక్కడ చంక కింద సుద్దముక్క పట్టుకుని తిరుగుతున్నారు. ఎంత విడమరిచినా తగవులు తగ్గలేదు, పెరిగాయి. వాచ్యం ఎక్కువైన చోట కావ్యం చచ్చిపోతుందనడానికి పాఠ్యపుస్తకంలో పెట్టుకోదగ్గ భాగం.

దీనికి పూర్తిగా ఎదురుగా ఐదో నిబంధనలో అడ్వాంటేజ్ ఉంది. ఫౌల్ జరిగింది, రెఫరీ చూశాడు, ఈల పెదవుల దగ్గరే ఉంది, ఊదడు. మధ్య మైదానంలో ఒకడిని కాలడ్డి పడేశారనుకోండి. పడుతూ పడుతూ వాడు తోసిన బంతి పక్కవాడికి అందింది, వాడి ముందు నలభై గజాల ఖాళీ ఉంది. ఈల ఊదితే న్యాయం జరుగుతుంది, దాడి చచ్చిపోతుంది. దెబ్బతిన్నవాడికి న్యాయమే రెండో దెబ్బ. అప్పుడు రెఫరీ చేతులు ముందుకు చాచి పరుగెత్తుతూనే ఉంటాడు, చూశాను, ఆడండి అన్నట్టు. దాడి కొన్ని క్షణాల్లో ఫలించకపోతే వెనక్కి తిరిగి ఆ ఫౌల్‌కే ఫ్రీ కిక్ ఇవ్వొచ్చు. ఫలించినా ఫలించకపోయినా బంతి ఆగాక తప్పుచేసినవాడి దగ్గరికి వెళ్లి కార్డు చూపించొచ్చు. తీర్పు ఉంది, శిక్ష ఉంది, వాటిని కొంతసేపు మడిచి జేబులో పెట్టుకునే సంయమనం ఉంది. చట్టం తనను తాను అమలు చేసుకోకుండా ఆగడం నేర్చుకున్న చోటు ఇది. ఎన్ని క్షణాలు ఆగాలో పుస్తకం అంకె వేయలేదు. వేసి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

ఆ మెళకువ లేనివాడి చేతిలో ఈల ఏం చేస్తుందో 1978 జూన్ 3న మార్ దెల్ ప్లాతాలో తెలిసింది. ప్రపంచ కప్పు మ్యాచ్, బ్రెజిల్, స్వీడన్ 1–1. చివరి క్షణాల్లో బ్రెజిల్‌కు కార్నర్. నెలీన్యో కొట్టాడు, బంతి గాల్లో ఉంది, జీకో తలతో గోల్‌లోకి కొట్టాడు. కానీ బంతి గాల్లో ఉండగానే టైమైపోయిందని వేల్స్ రెఫరీ క్లైవ్ థామస్ ఈల ఊదేశాడు. గోల్ లేదు. ఏడో నిబంధన ప్రకారం ఆయన చేసింది తప్పని నిరూపించలేం. కార్నర్ కొట్టనిచ్చి, అది వంపు తిరుగుతుండగా కాలాన్ని కోసేయడాన్ని మాత్రం ఎవరూ క్షమించలేదు. ఆటగాళ్లు, జనం, ఆ బంతి, అందరూ ఒక వాక్యం మధ్యలో ఉన్నారు. వాక్యం మధ్యలో పూర్ణవిరామం పెట్టకూడదని వ్యాకరణం చెప్పక్కర్లేదు.

రెఫరీ అభినయానికి ఆహార్యం సమకూర్చినవాడు కెన్ ఆస్టన్. 1962లో శాంటియాగోలో చిలీ, ఇటలీ ఆటగాళ్లు తన్నుకుంటుంటే మధ్యన నిలబడ్డ రెఫరీ ఆయనే. 1966 ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్లో జర్మన్ రెఫరీ అర్జెంటీనా కెప్టెన్ రత్తీన్‌ను బయటికి పొమ్మంటే ఇద్దరికీ ఉమ్మడి భాష లేక నిమిషాల తరబడి రభస. ఆ తర్వాత కారులో వెళ్తూ కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌లో ట్రాఫిక్ లైట్ల దగ్గర ఆగిన ఆస్టన్‌కు పసుపు, ఎరుపు తట్టాయి. 1970లో మెక్సికో ప్రపంచ కప్పులో కార్డులు వచ్చాయి. ఆ కప్పు మొత్తంలో ఎర్రకార్డు ఒక్కటి కూడా లేవలేదు. జేబులో ఉందని తెలియడమే సరిపోయింది.

చివరగా గోల్‌కీపర్ చేతులు, ఎందుకంటే ఈమధ్య మండలి రాసిన మంచి వాక్యం వాటి గురించే. 1912కు ముందు తన సగం మైదానంలో ఎక్కడైనా బంతిని పట్టుకునే స్వేచ్ఛ కీపర్‌కు ఉండేది, దాన్ని పెనాల్టీ ఏరియాకు కుదించారు. 1990 ఇటలీ ప్రపంచ కప్పులో మ్యాచ్‌కు సగటున 2.21 గోల్సే. డిఫెండర్ వెనక్కి తన్నడం, కీపర్ చేత్తో ఎత్తుకోవడం, దొర్లించడం, మళ్లీ ఎత్తుకోవడం. పలెర్మోలో ఐర్లండ్, ఈజిప్టు ఆడిన మ్యాచ్ ఈ నిద్రకు నమూనా. 1992లో సొంతవాడు కాలితో ఇచ్చిన బంతిని చేత్తో పట్టకూడదన్నారు. ఇవాళ గోల్‌కీపర్లు మిడ్‌ఫీల్డర్లలా పాస్‌లు ఇస్తున్నారంటే ఆ ఒక్క ముక్కే కారణం.

ఇంకొక రోగం మిగిలింది: బంతిని గుండెకు హత్తుకుని నేల మీద బోర్లా పడుకోవడం. ఆరు సెకన్లు దాటకూడదని నిబంధన ఉండేది, దాటితే గోల్‌కు అంత దగ్గర్లో ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్. శిక్ష మరీ పెద్దది కావడంతో రెఫరీలు దాన్ని చూసీ చూడనట్టు వదిలేశారు. 2025 మార్చిలో బెల్‌ఫాస్ట్‌లో మండలి విచిత్రమైన పని చేసింది. గడువు ఎనిమిది సెకన్లకు పెంచి, శిక్షను కార్నర్‌కు తగ్గించింది. రెండు వైపులా మెత్తబడితే నిబంధన గట్టిపడింది. ప్రయోగాల్లో కార్నర్ ఇవ్వాల్సి వచ్చింది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే, కీపర్లు తామే వదిలేస్తున్నారు. ఆ జూన్‌లో ఓర్లాండోలో క్లబ్ ప్రపంచ కప్పు మ్యాచ్‌లో ఉల్సాన్ మీద ఆడుతూ మామెలోడి సన్‌డౌన్స్ కీపర్ రోన్‌వెన్ విలియమ్స్ దీనికి దొరికాడు, అయినా 1–0తో ఆయన జట్టే గెలిచింది. నన్ను ముగ్ధుణ్ణి చేసింది ఆ లెక్కపెట్టే తీరు. చివరి ఐదు సెకన్లకు రెఫరీ చెయ్యి పైకెత్తి ఐదు వేళ్లూ చాపుతాడు. ఒక్కో వేలూ ముడుచుకుంటూ ఉంటే స్టాండ్లలో ప్రత్యర్థి జట్టు అభిమానులు గొంతు కలిపి లెక్కపెడతారు. ఇప్పటిదాకా రెఫరీ చేతిగడియారంలో దాక్కున్న కాలం మొదటిసారి అందరికీ కనిపించే హస్తమైంది, దాన్ని చూసి కీపర్ బంతిని తన్నేస్తాడు.